సిలబస్ రాసే పని ఏఐకి ఇవ్వొద్దు, పరీక్షించే పని ఇవ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఉన్నత విద్యలో ఏఐ గురించి ఈ మధ్య పత్రికల్లో వస్తున్న వ్యాసాలు ఎక్కువగా విద్యార్థుల మీదే ఉంటున్నాయి. అసైన్‌మెంట్లు చాట్‌జీపీటీతో రాయించేస్తున్నారని, ప్రాజెక్టు రిపోర్టులు కాపీ కొడుతున్నారని రాస్తున్నారు. ఆ చర్చ అవసరమే. కానీ అధ్యాపకులం మేం దాన్ని ఎక్కడ, ఎలా వాడుతున్నామో ఎవరూ అడగడం లేదు. డిగ్రీ సిలబస్ తయారీలోకి ఏఐ ఇప్పటికే వచ్చేసింది. అది వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సరిగ్గా వాడితే సిలబస్ బాగుపడుతుందని మా సబ్జెక్టులో కళ్లారా చూశాను. తప్పుగా వాడితే ఎంత నష్టమో కూడా చూశాను. ఆ రెండూ చెప్పాలని రాస్తున్నాను.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ, ఆక్వాకల్చర్ (చేపలు, రొయ్యల పెంపకం) చెబుతాను. మా పిల్లలు భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల, అటు కైకలూరు వైపు ఊళ్ల నుంచి వస్తారు. కొందరి ఇళ్లకు సొంత చెరువులున్నాయి, కొందరివి లీజు చెరువులు. ఇంకొందరి నాన్నలు చెరువుల మీద మేత వేసే పని, కాపలా పని చేస్తారు. పొద్దున్నే నీళ్ల ల్యాబులో పార్ట్‌టైమ్ చేసి, అక్కణ్నుంచి నేరుగా క్లాసుకు వచ్చే పిల్లలూ ఉన్నారు. వీళ్లకు ఏం చెప్పాలి, ఏ వరసలో చెప్పాలి, ఎన్ని గంటలు చెప్పాలి అన్నది నాలుగైదు పేజీల కాగితం నిర్ణయిస్తుంది. ఆ కాగితంలో లేనిది పరీక్షలో రాదు. పరీక్షలో రానిది క్లాసులో చెప్పడానికి టైమ్ ఉండదు. అందుకే ఆ నాలుగు పేజీలు ఎలా తయారవుతున్నాయన్నది నాకు చాలా పెద్ద విషయం.

కొంతకాలం కిందట ఒక అటానమస్ (తన సిలబస్ తానే రాసుకునే) కాలేజీ తయారుచేసుకున్న ఆక్వాకల్చర్ సిలబస్ ముసాయిదా అభిప్రాయం కోసం నా దగ్గరికి వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అయిదు యూనిట్లు, ప్రతి యూనిట్‌కూ లక్ష్యాలు, కోర్సు అయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో చెప్పే ఫలితాలు, వాటిని డిగ్రీ మొత్తం ఫలితాలతో కలుపుతూ 3, 2, 1 అంకెలు నింపిన పట్టిక, చివర్లో రిఫరెన్సు పుస్తకాలు. ఒక్క అక్షర దోషం లేదు. ఏఐతో రాయించామని వాళ్లే చెప్పారు, దాచలేదు.

చదవడం మొదలుపెట్టాక నాకు బాధ వేసింది. మూడో యూనిట్‌లో సాల్మన్ చేపల్ని సముద్రంలో వలల పంజరాల్లో పెంచడం గురించి ఉంది. ఆ వెంటనే రెయిన్‌బో ట్రౌట్ ఉంది. రెండూ చల్లటి నీళ్ల చేపలు. ఆ కాలేజీ నుంచి బస్సెక్కి ఎటు వెళ్లినా కనబడేవి వనామీ రొయ్యల చెరువులు, కట్ల, రోహు చెరువులు. వనామీకి అందులో ఒకే ఒక్క లైను ఉంది. 2009లో దేశంలో ఈ రకం పెంపకానికి అనుమతి వచ్చిన దగ్గర్నుంచి మా ప్రాంతంలో పెళ్లిళ్లు, ఇళ్ల కట్టుబడి, పిల్లల ఫీజులు అన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. రొయ్యల జబ్బుల దగ్గర వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల వైరస్ జబ్బు ఉంది, ఈహెచ్‌పి లేదు. ఈ రోజు ఏ రైతును కదిపినా ముందు వచ్చే పేరు ఈహెచ్‌పి. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు, మైక్రోస్పోరిడియన్ అనే రకం పరాన్నజీవి. వైట్ స్పాట్‌లాగా నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ చేయదు. రొయ్య మేత తింటూనే ఉంటుంది, ఎదగదు, కౌంటుకు (కిలోకు ఇన్ని అని లెక్కకట్టే అమ్మకం సైజుకు) రాదు. రైతు మేత ఖర్చు పెట్టుకుంటూ పోతాడు. దీనికి నమ్మదగ్గ మందు లేదు. సీడ్ (చెరువులో వేసే రొయ్య పిల్లలు) దగ్గర పరీక్ష, పంటకూ పంటకూ మధ్య చెరువు శుభ్రం చేసుకోవడం, అంతే దారి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది యాంటీబయాటిక్స్ కొని నీళ్లలో పోస్తున్నారో మాకు తెలుసు. ఆ పొరపాటును ఆపగలిగిన చదువు ఆ ముసాయిదాలో లేదు.

చట్టాల యూనిట్‌లో 1995 నాటి ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) బాధ్యతాయుత మత్స్య నియమావళి ఉంది. 2005లో మన పార్లమెంటు చేసిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం లేదు. కొల్లేరు ప్రస్తావన లేనే లేదు. 2006లో ప్రభుత్వం కొల్లేరు సరస్సులోని చేపల చెరువులు కొట్టేసిన రోజుల గురించి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర విని పెరిగిన పిల్లలు ఆ బెంచీల్లో కూర్చుంటారు. పర్యావరణం, జీవనోపాధి, చట్టం మూడూ ఒకేచోట కలిసిన పాఠం పక్కనే ఉంటే, ఎక్కడో నార్వే సముద్రపు సాల్మన్ పాఠం వచ్చి కూర్చుంది.

రిఫరెన్సు పుస్తకాల్లో ఒకటి ఎప్పుడూ విననిదిలా అనిపించి వెతికాను. రచయిత నిజంగా ఉన్న మనిషి, ఆ రంగంలో పేరున్న మనిషి. ఆ శీర్షికతో పుస్తకం మాత్రం ఎక్కడా లేదు. ప్రచురణ సంస్థ జాబితాలో లేదు, లైబ్రరీ కేటలాగుల్లో లేదు. ఏఐ ఇలా లేని పుస్తకాలను ఉన్నట్టు చెప్పడం ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతే. తెలిసి కూడా ఆ జాబితాను ఎవరూ సరిచూడలేదన్నదే నా బాధ. ముసాయిదా అలాగే ఆమోదం పొంది ఉంటే, ఊరి నుంచి వచ్చిన పిల్ల ఆ పుస్తకం కోసం లైబ్రరీ చుట్టూ తిరిగేది.

ఏఐ ఇలా ఎందుకు రాసింది? ఇంటర్నెట్లో ఆక్వాకల్చర్ గురించి ఎక్కువగా ఏ భాషలో, ఏ దేశాల గురించి రాసి ఉందో, అది అక్కణ్నుంచే నేర్చుకుంది. మన చెరువు గట్టు మీది జ్ఞానం చాలావరకు రాతలో లేదు. టెక్నీషియన్ల మాటల్లో, రైతుల వాట్సాప్ వాయిస్ మెసేజీల్లో, సీడ్ దింపే రాత్రి లారీ దగ్గర జరిగే సంభాషణల్లో ఉంది. అది ఏ ఏఐ మోడల్‌కూ అందలేదు. కాబట్టి ఖాళీ పేజీ ముందు పెట్టి ఆక్వాకల్చర్ సిలబస్ రాయమంటే, ప్రపంచంలో ఎక్కువమంది రాసిందే ఇస్తుంది. భీమవరానికి ఏం కావాలో మనం చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?

ఇంకో చిక్కు కాలం. కామర్స్ చెప్పే సహోద్యోగి ఒకరు ఆదాయపు పన్ను పేపరు ముసాయిదా చూపించారు. 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గత సంవత్సరం, మదింపు సంవత్సరం అనే పాత విభజన పోయి పన్ను సంవత్సరం అనే ఒకే లెక్క వచ్చింది. సెక్షన్ నంబర్లు దాదాపు అన్నీ మారిపోయాయి. ఏఐ ఇచ్చిన యూనిట్లలో మాత్రం పాత చట్టమే ఉంది, పొదుపు మీద పన్ను మినహాయింపుకు పాత 80సీ సెక్షనే ఉంది. అరవై ఏళ్లకు పైగా జనం రాసిన రాతలన్నీ పాత చట్టం మీదే కదా, బరువు అటే మొగ్గింది. ఆ సిలబస్ చదివి బయటికొచ్చిన కుర్రాడు ఆడిటర్ ఆఫీసులో మొదటిరోజే తెల్లముఖం వేస్తాడు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ఆ 3, 2, 1 పట్టిక. బయటివాళ్లకు ఇది తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కోర్సు చదివాక విద్యార్థి సాధించాల్సినవి అయిదారు వాక్యాల్లో రాస్తాం. డిగ్రీ మొత్తం పూర్తయ్యాక సాధించాల్సినవి వేరే జాబితా ఉంటుంది. మొదటి జాబితాలో ప్రతిదీ రెండో జాబితాలో దేనికి ఎంత తోడ్పడుతుందో అంకె వేయాలి. బాగా తోడ్పడితే 3, ఓ మాదిరిగా అయితే 2, కొంచెమైతే 1. ఇంజినీరింగ్‌లో ఎన్‌బీఏ (కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపుతో ఈ పద్ధతి బాగా ఊపందుకుంది. 2014లో భారతదేశం, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందాక అది మరింత బిగిసింది. డిగ్రీ కాలేజీల్లోకి, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ దారిలో వచ్చింది. ఆలోచన మంచిదే. పాఠం చెప్పే ముందు, ఇది చదివి పిల్లలు ఏం చేయగలుగుతారు అని మమ్మల్ని మేం అడుక్కోవాలన్నదే దాని ఉద్దేశం. ఒక్కొక్క అంకె వేయడానికి నలుగురు అధ్యాపకులు కూర్చుని వాదించుకోవాలి. ఆ వాదనలోనే సిలబస్ బాగుపడుతుంది. ఇప్పుడు ఆ పట్టిక మొత్తం ఏఐ ఒక్క నిమిషంలో నింపేస్తోంది. ఆ అంకె ఎందుకు 3 అయిందో కాలేజీలో ఒక్కరికీ తెలియదు. కమిటీ వచ్చినప్పుడు ఫైల్లో ఉంటే చాలు అన్నట్టుగా తయారైంది. వాదన జరక్కుండా వచ్చిన పట్టికకు విలువ లేదు. దాన్ని పిల్లల భవిష్యత్తు పేరు మీద సంతకం పెట్టి దాచడం అన్యాయం.

ఇక మా విభాగం చేసింది చెబుతాను. సిలబస్ మార్పుల మీద సూచనలు పంపమన్నప్పుడు మేం ఏఐని రాయమని అడగలేదు. ఉన్న సిలబస్, మేం అనుకున్న మార్పులు దాని ముందు పెట్టి ప్రశ్నలు అడిగాం.

మొదటి ప్రశ్న గంటల గురించి. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) లెక్క ప్రకారం ఒక క్రెడిట్ థియరీ అంటే 15 గంటలు, ఒక క్రెడిట్ ప్రాక్టికల్ అంటే 30 గంటలు. మూడు క్రెడిట్ల థియరీకి 45 గంటలు దొరుకుతాయి. ప్రతి అంశానికీ ఎంత సమయం పడుతుందో మేం వేసుకున్న అంచనాలు ఇచ్చి, యూనిట్ల వారీగా కూడి చూడమన్నాం. రెండో యూనిట్ ఒక్కటే మిగతా వాటికి రెండింతలు ఉందని, చివరి యూనిట్ ఎప్పుడూ మొక్కుబడిగా అయిపోతుండటానికి కారణం అదేనని బయటపడింది. చివరి యూనిట్‌లో ఏముందో తెలుసా? పట్టుబడి (పెరిగిన పంటను పట్టడం), మార్కెట్, ఎగుమతి. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన ఎగుమతుల్లో చాలావాటిపై సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఈ ప్రాంతంలో ఏ గట్టు మీద చూసినా అదే మాట, అదే టెన్షన్. అలాంటి పాఠం మా పిల్లలకు సెమిస్టర్ చివర హడావుడిగా రెండు క్లాసుల్లో ముగుస్తోంది.

రెండోది వరస గురించి. ఏ అంశం అర్థం కావడానికి ముందు ఏది తెలిసి ఉండాలో చూసి, తలకిందులుగా ఉన్నవి చూపించమన్నాం. ఇది నిజంగా బాగా పనిచేసింది. ఒక్క ఉదాహరణ చెబుతాను. జబ్బుల పేపరు ముందు సెమిస్టర్‌లో ఉంది, నీటి నాణ్యత పేపరు తర్వాతి సెమిస్టర్‌లో ఉంది. జబ్బుల దగ్గర అమోనియా వల్ల మొప్పలు దెబ్బతింటాయని చెబుతాం. అమోనియా ఎప్పుడు విషమవుతుంది? నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), వేడి పెరిగేకొద్దీ అయనీకరణం చెందని అమోనియా వాటా పెరుగుతుంది, రొయ్యకు ప్రమాదం దానితోనే. ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు మొక్కలు) దట్టంగా ఉన్న చెరువులో మధ్యాహ్నం ఎండకు పీహెచ్ పైకి పోతుంది. కాబట్టి ల్యాబు రిపోర్టులో అదే అమోనియా అంకె పొద్దున ఆరింటికి ఒక అర్థం ఇస్తుంది, మధ్యాహ్నం మూడింటికి ఇంకో అర్థం ఇస్తుంది. ఇది తెలియాలంటే పీహెచ్, ఆల్కలినిటీ (క్షారత్వం), ప్లవకాల కిరణజన్య సంయోగక్రియ ముందే చెప్పి ఉండాలి. అవి రాకుండానే జబ్బులు చెబితే పిల్లలు బట్టీ పట్టక ఏం చేస్తారు? పేపర్లు తలా ఒకరు చెబుతున్నప్పుడు మొత్తం సిలబస్ ఒకచోట పరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఏఐ ఆ పని విసుక్కోకుండా చేసింది. ఇలాంటివి ఇంకా కొన్ని చూపించింది. అందులో కొన్ని సరైనవి కావు, చర్చించి పక్కన పెట్టాం.

మూడోది ప్రశ్నపత్రాల గురించి. బెంజమిన్ బ్లూమ్ 1956లో చెప్పి, 2001లో సవరణ జరిగిన ఆరు మెట్ల వర్గీకరణ అధ్యాపకులందరికీ తెలుసు. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం. సిలబస్ కాగితం మీద ఫలితాలన్నీ పై మెట్లలోనే రాసుకుంటాం. గత కొన్నేళ్ల ప్రశ్నపత్రాలు ఇచ్చి, ఒక్కొక్క ప్రశ్న ఏ మెట్టుకు చెందుతుందో, ఏ ఫలితాన్ని పరీక్షిస్తోందో పక్కపక్కన పెట్టమన్నాం. దాదాపు అన్నీ కింది రెండు మెట్ల దగ్గరే ఆగిపోయాయి. సిలబస్‌లో 'విద్యార్థి చెరువు నీటి పరీక్ష ఫలితాలను విశ్లేషించగలగాలి' అని ఉంది. ప్రశ్నపత్రంలో 'ఆల్కలినిటీ గురించి రాయండి' అని ఉంది. చెప్పే పాఠం, ఆశించే ఫలితం, పెట్టే పరీక్ష మూడూ ఒకే దారిలో ఉండాలని జాన్ బిగ్స్ అనే విద్యావేత్త 1996లోనే రాశారు. మా బీఈడీ, రిఫ్రెషర్ కోర్సుల్లో ఆ పేరు వింటూనే ఉంటాం. మన సొంత కాగితాల్లో ఆ దారి ఎక్కడ తెగిపోయిందో ఇలా పట్టికలో కనబడేసరికి విభాగంలో చాలాసేపు చర్చ జరిగింది. నేను ఇన్నేళ్లలో చూసిన మంచి చర్చల్లో అదొకటి.

ఆ తర్వాత ప్రశ్నలు మార్చే ప్రయత్నం చేశాం. ఒక చెరువు రిపోర్టు ఇచ్చి, రైతుకు ఏం సలహా ఇస్తావు, ఎందుకు అని అడిగే ప్రశ్నలు. నమూనా రిపోర్టులు తయారు చేయమని ఏఐని అడిగితే క్షణాల్లో ఇచ్చింది. వాటిలో ఒకదాన్లో తెల్లవారుజామున అయిదింటికి నీళ్లలో ఆక్సిజన్ 11 పీపీఎం అని ఉంది. రాత్రంతా వెలుతురు లేక ప్లవకాలు కూడా ఆక్సిజన్ వాడేసుకునే చెరువులో తెల్లవారేసరికి అది అడుగంటి ఉంటుంది. ఆ గంటల కోసమే కదా రైతు కరెంటు బిల్లు కట్టి రాత్రంతా ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేది. ఆ కాగితం చూసి మా ఫైనలియర్ అమ్మాయి, పొద్దున ల్యాబులో పనిచేసి వచ్చే పిల్లే, "మేడమ్, ఈ మీటరు పాడైనట్టుంది, మళ్లీ తీయమనాలి" అంది. ఆ అమ్మాయికి ఆ మాట చెప్పడానికి పుస్తకం అక్కర్లేకపోయింది. అలా చూడగలిగిన మనుషులు గదిలో ఉన్నప్పుడే ఏఐ వల్ల లాభం. ఆ రిపోర్టును తీసేయలేదు, అలాగే ఉంచి 'ఇందులో నమ్మలేని అంకె ఏది, ఎందుకు' అని ప్రశ్నగా మార్చాం.

నాలుగోది నాకు బాగా ఇష్టమైన భాగం. ఆక్వా రైతులు, హేచరీ (సీడ్ తయారుచేసే కేంద్రం) టెక్నీషియన్లు, మేత కంపెనీల ఫీల్డ్ మనుషులు, ల్యాబులవాళ్లు మా డిగ్రీ పిల్లల గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలనుకున్నాం. విద్యార్థులే వెళ్లి, అనుమతి అడిగి, ఫోన్లో మాటలు రికార్డు చేసుకొచ్చారు. ఒక పెద్ద రైతు అన్నమాట ఇది: "మీ పిల్లలు పేర్లన్నీ ఇంగ్లిష్‌లో గడగడా చెబుతారండి. చెక్ ట్రే పైకి తీసి చూసి, రేపు మేత ఎంత తగ్గించాలో చెప్పమంటే మాత్రం నా మొహం చూస్తారండి." పెంపకం ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ ట్రేలో మిగిలిన మేతను చూసి లెక్క కట్టడం రాకపోతే మిగతా చదువంతా రైతుకు ఎందుకు?

ఆ మాటలన్నీ రాతలోకి మార్చడానికి ఏఐ వాడాం. గోదావరి యాసలో, పక్కన ఏరేటర్ల మోతలో మాట్లాడిన మాటలు అది చాలాచోట్ల తప్పుగా విన్నది. పిల్లలు కూర్చుని మళ్లీ వింటూ దిద్దారు. టైమ్ పట్టింది గానీ, ఆ దిద్దుబాటులో వాళ్లకు తెలిసిన విషయాలు మామూలు క్లాసులో రావు. తర్వాత ఆ మాటలన్నిటినీ అంశాల వారీగా గుంపులు చేసి పెట్టమన్నాం. ల్యాబు రిపోర్టు చదవడం, మేత లెక్క, చెరువు రికార్డులు రాయడం, నిషేధిత మందుల గురించి తెలియడం, ఇలా బాగానే తీసింది. ఇక్కడ ఒక సంగతి గమనించాను. ఎక్కువమంది చెప్పినవి పైన పెట్టింది. ఒక్కరే చెప్పిన మాటల్ని 'ఇతర అంశాలు' కింద చివర్లోకి నెట్టేసింది. అలా నెట్టేసిన వాటిలో ఒక హేచరీ టెక్నీషియన్ మాట ఉంది. సీడ్ కొనేముందు రొయ్య పిల్లల్ని ఉన్నట్టుండి ఉప్పదనం తగ్గించిన నీళ్లలో వేసి, ఎన్ని తట్టుకుని బతికాయో లెక్కపెట్టే పరీక్ష డిగ్రీ పిల్లలెవరికీ చేతకావడం లేదని ఆయన చెప్పాడు. ఖర్చు లేని పరీక్ష, ఏ కాలేజీ ల్యాబులోనైనా చేయించొచ్చు. పంట భవిష్యత్తు మొదటిరోజే సగం తేలిపోయే పరీక్ష. ఒక్కడే చెప్పాడు కాబట్టి లెక్కలో చిన్నదైంది. మా ప్రాక్టికల్ జాబితాలో ఇప్పుడు అది మొదటి వరసలో ఉంది. ఏ మాటకు ఎంత బరువివ్వాలో తేల్చే పని అధ్యాపకులదే, దాన్ని ఇంకెవరికీ అప్పగించలేం.

ప్రాక్టికల్స్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా దగ్గర ఉన్న పరికరాల జాబితా ముందే ఇచ్చాం. మైక్రోస్కోపులు, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్, పీహెచ్ మీటర్, నీళ్ల టెస్ట్ కిట్లు ఉన్నాయి, జబ్బు క్రిముల జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ యంత్రం లేదు. ఆ హద్దుల్లోనే 30 గంటలకు సరిపడా ఏం చేయించొచ్చో అడిగాం. హద్దులు చెప్పాక సలహాలు బాగున్నాయి. చెరువు దగ్గర తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆక్సిజన్, పీహెచ్ కొలిచి గ్రాఫు గీయించడం వాటిలో ఒకటి, తీసుకున్నాం. హద్దులు చెప్పకుండా అడిగినవాళ్లకు లక్షల రూపాయల యంత్రాలు కావాల్సిన ప్రాక్టికల్స్ వచ్చాయి. అవి కాగితం మీదే ఉంటాయి, రికార్డు పుస్తకంలో పక్కవాడిది చూసి రాసుకుంటారు.

పిల్లల జవాబుపత్రాలు, హాల్‌టికెట్ నంబర్లు, మార్కుల జాబితాలు ఉచితంగా దొరికే ఏఐ సైట్లలో ఎక్కించడం చాలా కాలేజీల్లో జరుగుతోంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి రాసిన పిల్లల కాగితాలు ఎవరి కంప్యూటర్లోకి పోతున్నాయో తెలియకుండా పంపడం తప్పు. పేర్లు, నంబర్లు తీసేసి, ప్రశ్నల వరకే వాడుకోవాలి.

ఇదంతా చెప్పాక అసలు విన్నపానికి వస్తాను. అటానమస్ కాలేజీల్లో సిలబస్ తేల్చే కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఆ విభాగం అధ్యాపకులందరూ ఉంటారు. బయటి నిపుణులు, పరిశ్రమ ప్రతినిధి, పూర్వ విద్యార్థి కూడా ఉండాలని యూజీసీ నిబంధన. మాలాంటి అనుబంధ కాలేజీలకు ఆ అవకాశం లేదు. యూనివర్సిటీ నుంచి సిలబస్ పీడీఎఫ్ వస్తుంది, చెబుతాం. గెస్ట్ లెక్చరర్ల పరిస్థితి ఇంకా కష్టం. చాలాచోట్ల అసలు పాఠం చెప్పేది వాళ్లే, సిలబస్ మీద మాట మాత్రం వాళ్లది చెల్లదు. ఇన్ని వందల మంది అభిప్రాయాలు ఎవరు చదువుతారన్నది ఇన్నాళ్లూ చెప్పిన కారణం. ఇప్పుడా కారణం లేదు. ప్రతి సెమిస్టర్ చివర ప్రతి అధ్యాపకుడూ, గెస్ట్ లెక్చరర్‌తో సహా, తాను చెప్పిన పేపర్లో ఏ యూనిట్ గంటల్లో సరిపోలేదు, ఏ అంశం పాతబడింది, ఏ పుస్తకం దొరకలేదు, పిల్లలు ఎక్కడ ఆగిపోయారు అని తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఒక పేజీ రాసి పంపితే, వాటన్నిటినీ కోర్సు వారీగా, యూనిట్ వారీగా సర్దిపెట్టడం ఏఐకి నిమిషాల పని. ఒక్కరే చెప్పిన మాటలు విడిగా, కొట్టేయకుండా పెట్టమని ముందే చెప్పాలి. ఆ కట్ట బోర్డు సభ్యుల ముందుంటే సిలబస్ చర్చ తీరే మారిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు ఏఐ మీద ఖర్చు పెట్టదలుచుకుంటే ముందు దీని మీద పెట్టాలని కోరుతున్నాను. ఒక్క బటన్‌తో సిలబస్ ఇస్తామంటూ అమ్మే ప్యాకేజీల మీద కాదు.

బోర్డు మినిట్స్‌లో ఏఐ ఎక్కడ వాడారో, దాన్ని ఎవరు సరిచూశారో రాయాలి. రిఫరెన్సు జాబితాలో ప్రతి పుస్తకం ఉందని లైబ్రేరియన్ సంతకం చేయాలి. ఇది అయిదు నిమిషాల పనే. ఆమోదానికి ముందు ముసాయిదాను కనీసం నెల రోజులు అందరికీ కనబడేలా పెట్టాలి, తెలుగులో కూడా పెట్టాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయింది. కానీ మా ముసాయిదా మీద మాట చెప్పాల్సిన రైతు, హేచరీ టెక్నీషియన్, విద్యార్థి తల్లిదండ్రులు తెలుగులోనే చదువుతారు. వాళ్ల మాట రాకుండా ఆక్వాకల్చర్ సిలబస్ పూర్తయిందనుకోవడం నాకు సమ్మతం కాదు.

మేం ఏఐని అడిగిన ప్రశ్నలు, అది ఇచ్చిన వాటిలో ఏవి తీసుకున్నాం, ఏవి ఎందుకు కొట్టేశాం అన్నది తెలుగులో రాసిపెట్టుకున్నాం. వేరే సబ్జెక్టుల వాళ్లకూ పనికొస్తుంది. ఏ కాలేజీ అధ్యాపకులైనా కావాలని మీ పత్రికకు రాస్తే ఆ కాగితాలు పంపుతాను. మా అమోనియా పాఠాన్ని ఎలా సర్దాలో ఇంతకన్నా మంచి ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి నాకు రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆక్వాకల్చర్ అధ్యాపకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా